నడిమి వేలు గుర్తు

ఇటుకల నెలలో లార్సా ఊళ్ళో శుభ్రంగా ఉన్న మనిషి కనిపిస్తే వాడు సోమరిపోతని కళ్ళు మూసుకుని చెప్పవచ్చు. ఆ నెలంతా అందరికీ అడుసే ఒంటి రంగు. హుమ్తాని ఇంట్లోనూ అంతే. వెనక గది గోడ అడుగంతా ఉప్పు తినేసి కూలిపోతే, పొద్దున్నే మేస్త్రీ వరస్సా వచ్చి నిచ్చెనెక్కాడు. హుమ్తాని కింద నిలబడి ఇటుకలు అందిస్తోంది. ఆమె అత్త రబాతుమ్ వాకిట్లో బార్లీ చెరుగుతూ ఇద్దరినీ ఓ కంట కనిపెడుతోంది.

“కాస్త చురుగ్గా అందియ్యమ్మా! నీ వేగానికి ఈ గోడ నీ మనవరాలి పెళ్ళికి లేస్తుంది,” అన్నాడు వరస్సా.

“నీ నోటికున్న వేగం చేతికుంటే ఈపాటికి కప్పు కూడా పడేది, మేస్త్రీ,” అంటూ హుమ్తాని ఇంకో ఇటుక ఎత్తింది.

ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అడుసు గట్టిగా పట్టడానికి, ఇటుక పచ్చిగా ఉన్నప్పుడే దాని వీపు మీద మూడు వేళ్ళు గుచ్చుతారు. ప్రతి ఇటుకకీ మూడు గుంటలుంటాయి, అందులో వింతేమీ లేదు. కానీ ఈ ఇటుకకు అటూ ఇటూ ఉన్నవి లోతుగా ఉన్నాయి, నడిమిది మాత్రం సగమే దిగింది. హుమ్తాని వేళ్ళు ఆమెను అడక్కుండానే ఆ గుంటల్లోకి వెళ్ళిపోయాయి. చిన్నప్పుడు తండ్రి కోసిన ఇటుకల్లో ఇలాగే వేళ్ళు పెట్టి ఆడేది, తిట్లు తినేది. ఆమె తండ్రి నబీ-ఇలిషుకు నడిమి వేలు పైకణుపు లేదు. గడప రాయి కింద పడి నలిగిపోయింది.

నబీ-ఇలిషు పోయి పన్నెండేళ్ళు. కాలువ పూడిక తీయడానికి వెళ్ళిన పదకొండు మంది మీద ఒక్కసారిగా నీళ్ళు వచ్చిపడ్డాయి. పది శవాలు దొరికాయి. వాటిలో రబాతుమ్ మొగుడిది ఒకటి. నబీ-ఇలిషుది మాత్రం దొరకలేదు. పెళ్ళాం ముందే పోయింది, మగపిల్లలు లేరు. అందుకని ప్రతి నెలాఖరు సాయంత్రం అత్త తన మొగుడి సమాధిలోకి నీళ్ళు పోసే, ఇంటి నేలలో దింపిన మట్టి గొట్టం దగ్గరే హుమ్తాని కూడా కూర్చుని, తండ్రి పేరు పిలిచి, నీళ్ళు పోసి రొట్టె ముక్క వేసేది. ఒక్క నెలా తప్పలేదు. పురిటి మంచం మీద నుంచి లేచి వచ్చి మరీ పోసింది.

పాత ఇటుకేమో అనుకుని గోటితో గీకింది. లోపల గడ్డి ఇంకా పసుపుపచ్చగా మెరుస్తోంది. ఈ ఏటి గడ్డే. ఇంకోటి తీసి చూసింది, ఇంకోటి చూసింది. అన్నిటికీ అదే కుంటి గుంట.

“మేస్త్రీ, ఇవెక్కడివి?”

“రెల్లు మడుగు దగ్గర ఇటుకల కళ్ళం నుంచి. ఏం, కొరికి చూస్తావా?”

బతికున్నవాడి పేరు ఆ గొట్టం దగ్గర పిలవకూడదు. పిలిస్తే కింది లోకం వాళ్ళు ఆ మనిషిని వెతుక్కుంటూ పైకి వస్తారు. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. పన్నెండేళ్ళుగా నెలనెలా పిలిచింది. ఇవాళ మళ్ళీ నెలాఖరు. పొద్దు వాలేలోగా సంగతి తేలకపోతే మళ్ళీ పిలవాల్సిందే.

“ఇటుకలు చాలేట్టు లేవత్తా, కళ్ళం దాకా వెళ్ళి చెప్పొస్తా,” అంది.

రబాతుమ్ చేట ఆపి చూసింది. “ముఖం అలా పాలిపోయిందేమే? దయ్యాన్ని గానీ చూశావా? సరే, పొద్దుగూకేలోపల వచ్చెయ్. ఇవాళ నీళ్ళు పొయ్యాలి.”

రెల్లు మడుగు పడవలో ఒక పూట ప్రయాణం కూడా లేదు. ఇంత దగ్గరలో ఉండి కూడా నన్నింత ఏడిపించాడని హుమ్తానికి దారంతా ఒళ్ళు మండిపోయింది.

కళ్ళంలో ఒక ముసలాయన గొంతుక్కూర్చుని అచ్చులో అడుసు కూరుతున్నాడు. పైన చేత్తో సాపుచేసి, అచ్చు లేపి, మూడు వేళ్ళు గుచ్చాడు. తలెత్తాడు. చేతిలోని అచ్చు జారి ఆ పచ్చి ఇటుక మీదే పడింది.

“నాన్నా!”

“మెల్లిగా తల్లీ. ఇక్కడ నా పేరు వేరే.”

ఏడుపు వస్తుందనుకుంది, అరుపు వచ్చింది. “మెల్లిగానా? నా బిడ్డలకు పెట్టే రొట్టెలో సగం తుంచి నీకు వేశాను! నిన్ను ఏ చేపలు తిన్నాయో అని పన్నెండేళ్ళుగా చేప ముట్టలేదు నేను! ఎందుకు రాలేదు నువ్వు?”

నబీ-ఇలిషు చేతులు తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా అడుసు పోలేదు.

“ఆ రోజు గట్టు మీద కాపలా నాది. నీళ్ళొస్తే కేకెయ్యాలి. వాళ్ళు పదిమందీ తిని కాలువ అడుగునే పడుకున్నారు. నాకూ కునుకు పట్టింది. అంతేనమ్మా. మెలకువ వచ్చేసరికి నీళ్ళలో ఉన్నాను. బయటపడింది నేనొక్కణ్ణే. ఆ పది గడపల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడేది?”

హుమ్తాని అడుసులోనే కూలబడింది. ఆ పదింటిలో ఒకటి ఆమె మెట్టిన గడప. రోజూ కూడు తినే గడప.

“నన్ను పిలుస్తుంటావని తెలుసు,” అన్నాడు. “నెలాఖరున నేను మంచినీళ్ళు ముట్టను. నువ్వు పోస్తావు కదా అని.”

“బతికున్నవాడివి నాన్నా నువ్వు!”

“ఎవరికి? ఇవాళా పొయ్యి తల్లీ. మానేస్తే మీ అత్త ఎందుకని అడుగుతుంది. నీకు దండం పెడతా, మానకు.”

కన్నతండ్రి తన చావు నీళ్ళు తానే అడుక్కుంటున్నాడు. హుమ్తానికి కసి ఉంది, జాలి ఉంది, ఏది ముందో తెలియడం లేదు. చివరికి లేచి, “ఆ వేళ్ళు గుచ్చడం మాత్రం మానెయ్,” అని, వెనక్కి చూడకుండా పడవెక్కింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మేస్త్రీ వెళ్ళిపోయాడు. సగం లేచిన గోడ పక్కన రబాతుమ్ ముంతతో సిద్ధంగా కూర్చుంది. మొగుడి పేరు పిలిచి గొట్టంలో నీళ్ళు పోసి, ముంత కోడలికిచ్చింది. హుమ్తాని వంగింది. నోరు తెరిచింది. కానీ తండ్రి పేరు పిలవకుండానే ముంత వంచింది.

రబాతుమ్ అరచేత్తో గొట్టం మూసేసింది. నీళ్ళు ఆమె వేళ్ళ మీద నుంచి నేలపాలయ్యాయి.

“బతికున్నవాడికి పొయ్యకూడదే,” అంది.

హుమ్తాని ముంత కింద పెట్టేసింది.

“ఈ ఇంటికి ఇటుకలు కోసింది మీ నాన్నే కదా. ఏటేటా ఈ గోడలు మెత్తే దాన్ని, ఆ కుంటి వేలు నాకు తెలియదా? నువ్వు పడవెక్కగానే ఇటుక తిప్పి చూశాను. ఉన్నాడు కదూ?”

హుమ్తాని తలూపింది. ఇక అరుస్తుంది, వీధిని పిలుస్తుంది అనుకుంది. రబాతుమ్ చూస్తే నవ్వుతోంది. కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతోంది.

“వణుకుతావెందుకే పిచ్చిదానా? ‘ఎలా పోయావయ్యా, చివరికి ఏమన్నావయ్యా’ అని పన్నెండేళ్ళుగా ఈ గొట్టాన్ని అడుగుతున్నాను. పలికిందా? చెప్పేవాడు ఒకడు మిగిలాడు, నా అదృష్టం! తక్కిన తొమ్మిది ఇళ్ళకూ వరస్సాతో కబురు పెట్టాను. రేపు తెల్లారగానే అందరం పడవ కడుతున్నాం.”

కింది లోకం వాళ్ళు నాన్నను వెతుక్కుంటూ వస్తారని పొద్దున భయపడింది. వెతుక్కుంటూ వెళ్ళేది ఈ పదిమంది ఆడవాళ్ళని అప్పుడు తట్టలేదు. వీధిలో వాళ్ళ పిలుపులు అప్పుడే దగ్గరపడుతున్నాయి.

రబాతుమ్ కొంగుతో కళ్ళు ఒత్తుకుని లేచింది. “ఒట్టి చేతులతో ఏం పోతాం? మీ నాన్న చేప తింటాడు కదూ?”

“తింటాడు,” అంది హుమ్తాని.