ఏటీ నేదు

ఫోన్లో ఏఐ ఏజెంటు చేరిన దగ్గర్నుంచీ నూకమ్మకి ఇంట్లో ఒక కొడుకు పుట్టినట్టయింది. "బాబూ, ఈ సిక్కుడాకు సూడు, ఇదేటి పురుగు?" అని ఫోటో తీసి అడిగేది. అది మర్యాదగా జవాబు చెప్పేది. కన్న కూతురి కంటే ఆ బాబే నయం, ఎన్నిసార్లడిగినా విసుక్కోడు అనేది.

బాబుకి అసలు కళ్ళే లేవని కూతురు సంతోషకుమారికి తెలుసు. ఫోటో రాగానే ఏజెంటు టూల్ అనే ఇంకో ప్రోగ్రాముని పిలుస్తుంది. చూసే పని ఆ టూల్‌ది. దాన్ని ఎలా పిలవాలో, అది చెప్పినదానికి అర్థమేమిటో వివరించే డాక్యుమెంటేషన్ రాసేది సంతోషకుమారి. హిందీ మాట్లాడే ఇనుప గనుల ఊరు బచేలిలో, రైల్వే క్వార్టర్లో, వంటింటి పక్క గదిలో కూర్చుని ఒక చిన్న కంపెనీకి రాస్తోంది. మనుషులు చదివే రాతలో లోటుంటే ఎలాగోలా సర్దుకుంటారు. ఏజెంటుకి రాసిందే వేదం. ఆ వారమే టూల్ విడుదల కావాలి, అందుకే పరీక్షకని అమ్మ ఫోన్లోనూ పెట్టింది.

ఆ పొద్దున్న నూకమ్మ ఎర్రదుమ్ము పట్టిన బట్టలు దులుపుకుంటూ పెరట్లోంచి వస్తోంది. ఎడమకాలు నేలకి ఆనించడం లేదు.

"అమ్మా, కాలికేటయింది?"

"ఏటీ నేదు."

నూకమ్మ కాపురమంతా ఆ రెండు ముక్కల మీదే నడిచింది. జ్వరమొచ్చినా ఏటీ నేదు, గూడ్సు బండి డ్యూటీకెళ్ళిన భర్త రామ్మూర్తి చెప్పిన రోజుకి రాకపోయినా ఏటీ నేదు. షుగరుందని డాక్టరు చెబితే ఆ డాక్టరుకే ధైర్యం చెప్పి వచ్చిన మనిషి.

"ఏదీ, చూపించు."

"ఈ బాబుని అడిగీసినాను తల్లీ. పుండేటైనా ఉందా సూడు బాబూ అంటే, ఏమీ లేదన్నాడు. నా కూతురు గుంట రాసిందాన్లో తప్పుంటదేటి?"

సంతోషకుమారి ఫోను అందుకుంది. కూతురికి తెలియకూడదని తలుపేసుకుని తీసినట్టుంది, ఫోటో అంతా చీకటి. అందులో మెట్టె ఒక్కటే మెరుస్తోంది. కింద బాబు జవాబు: "పుండు ఏమీ లేదు."

కింద కూర్చుని తల్లి కాలు ఒళ్ళోకి తీసుకుంది. బొటనవేలి అడుగున పుండు, చుట్టూ వాపు. చెయ్యి వేస్తే వేడిగా కాలుతోంది.

"నీ పనయ్యాక సెబుదామనుకున్నాను," అంది నూకమ్మ. "ముందే సెప్తే అన్నీ ఒగ్గీసి కూకుంటావు."

సంతోషకుమారికి కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందో తేల్చుకోలేక తల్లిని తిట్టింది. తిడుతూనే స్కూటీ మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు పుండు కడిగి కట్టుకట్టాడు. ఈ రోజే వచ్చారు కాబట్టి వేలు దక్కుతుందని హిందీలో చెప్పాడు.

ఇంటికొచ్చి తన రాత తెరిచింది. "అడిగినది కనబడకపోతే టూల్ 'ఏమీ లేదు' అంటుంది." వాక్యంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఫోటో ఎంత స్పష్టంగా ఉందో చెప్పే గుర్తు కూడా టూల్ ప్రతిసారీ పంపుతుంది. ఆ సంగతి ఆమె రాయనే లేదు. రాయలేదు కాబట్టి ఏజెంటు దాని వైపే చూడలేదు. గుడ్డికన్ను మూసినా తెరిచినా ఒక్కటే. వెతికి లేదనడమూ, కనబడక లేదనడమూ ఒకే మాటైపోయాయి, ఆ మాట పట్టుకుని అమ్మ పుండుతో తిరిగింది.

సిగ్నల్లో దీపం వెలగకపోతే పచ్చ అనుకోకూడదు, ఎర్ర అనుకుని బండి ఆపాలి. రైల్వే ఇళ్ళలో పిల్లలకి ఇది అక్షరాల కంటే ముందొస్తుంది. తనకూ వచ్చు. అయినా రాయలేదు.

విడుదల ఆపమని కంపెనీకి చెప్పి, రాయడం మొదలుపెట్టింది. "'ఏమీ లేదు' అంటే బాగుందని కాదు. ముందు స్పష్టత గుర్తు చూడు. స్పష్టత తక్కువగా ఉంటే నాకు కనబడలేదని చెప్పు. వెలుతురులో మళ్ళీ తీయమని అడుగు."

సాయంత్రం అదే చీకటి ఫోటో మళ్ళీ బాబుకి చూపించింది. "నాకు సరిగ్గా కనబడలేదమ్మా. కొంచెం వెలుతురులో తీసి పెడతారా?" అన్నాడు బాబు.

నూకమ్మ మురిసిపోయింది. "సూసినావా, కనబడకపోతే కనబడలేదనే సెప్పినాడు."

"నువ్వూ అలాగే చెప్పు మరి. నొప్పెలాగుంది?"

"ఏటీ..." అని నూకమ్మ ఆగిపోయింది. కూతురి మొహంలోకి చూసింది.

"నొప్పెడతంది," అంది మెల్లిగా. "సానా నొప్పెడతంది తల్లీ."

సంతోషకుమారి కట్టు కదలకుండా ఆ కాలు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.