రెండు వేళ్ల రాజద్రోహం

తెల్లని నూలు చేతి తొడుగులకు గంజి పెట్టవలెనా, కూడదా అన్న ప్రశ్న మీద మానవజాతి ఇంతవరకు ఏకాభిప్రాయానికి రాలేదు. ఈ విషయంలో డెట్రాయిట్ నగరపు బాప్టిస్టు చర్చిలు రెండు శిబిరాలుగా చీలిపోయి ఉండగా, లిన్‌వుడ్ వీధి చర్చి గుమ్మంలో ముప్ఫయ్యారేళ్లుగా నిలబడి, ఆ తొడుగుల వేళ్ల సైగలతోనే వచ్చినవారికి చోటు చూపిస్తున్న సిస్టర్ ఒడెస్సా ప్రూయిట్ గంజి వ్యతిరేక పక్షానికి తిరుగులేని నాయకురాలు. గంజి పెడితే వేళ్లు వంగవు. వేళ్లు వంగకపోతే సైగలు సాగవు. సైగలు సాగని చర్చిలో ప్రార్థన సంతగా మారుతుంది. ఇదీ ఆమె సిద్ధాంతం.

అంతటి ఒడెస్సా 1977 ఏప్రిల్‌లో మూడు రోజుల పాటు తొడుగులు ఉతకడం మానేసింది. గురువారం నాడు వాషింగ్టన్ నుంచి లావుపాటి కవరు ఒకటి వచ్చింది. తమ మీద ప్రభుత్వం రహస్యంగా రాయించుకున్న కాగితాలను పౌరులు అడిగి తెప్పించుకోవచ్చని తెలిశాక ఆమె అర్జీ పెట్టుకుని పదకొండు నెలలు ఎదురుచూసింది. వచ్చినవి నలభై ఒక్క పేజీలు. పేరున్న ప్రతిచోటా నల్ల సిరా పట్టీ. ఆనాటి నుంచి ఆమె కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. నిలబడి తింది. వంటింటికీ వీధి గదికీ మధ్య తిరుగుతూ చదివింది. శనివారం ఉదయం టోపీ పెట్టుకుని బస్సెక్కి, సీటు ఖాళీగా ఉన్నా కూర్చోక, దిగవలసిన చోటుకు రెండు స్టాపుల ముందే దిగి గబగబా నడిచింది.

ఆమె వెళుతున్నది లియాండర్ బోయ్‌కిన్ దగ్గరకు. చెప్పులు బాగుచేసే దుకాణదారు అని లోకం అనుకునే ఆయన, స్వతంత్ర నల్లజాతి మహాసభకు సర్వాధ్యక్షుడు. రెండువందల యాభై ఏళ్ల వెట్టిచాకిరీకి బదులుగా అలబామా రాష్ట్రాన్ని తమ జాతికి అప్పగించాలనీ, అక్కడ తమ జెండా, తమ సైన్యం, తమ తపాలా బిళ్ల ఉండాలనీ ఆ సభ 1966లో అమెరికా ప్రభుత్వానికి తాఖీదు పంపింది. సైన్యం ఇంకా సమకూరలేదు గాని తపాలా బిళ్ల నమూనా మాత్రం సిద్ధమైంది. దాని మీది బొమ్మ సర్వాధ్యక్షుడిదే. నవ్వదలచుకున్నవారు నవ్వవచ్చు. కానీ పగలంతా ఇతరుల ఇళ్లలో "ఏయ్ పిల్లా" అనిపించుకునే, అప్పటికి నలభై నాలుగేళ్ల మనిషిని సాయంత్రానికి "ద్వారరక్షణ మంత్రిగారూ" అని పిలిచిన చోటు భూమి మీద అదొక్కటే. ఆ మాట కోసం ఒడెస్సా మంచులో సైతం నడిచి వెళ్లేది.

1969లో సభ రహస్యాలు ఒక్కొక్కటీ బయటపడసాగాయి. ఊరేగింపు కదలకముందే పోలీసులు వీధి చివర కాచుకుని ఉండేవారు. ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో గుమ్మంలో నిలబడిన మనిషికే కదా తెలిసేది! ఒక ఆదివారం సభ ఆమెను ద్రోహిగా తీర్మానించి వెలివేసింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లుగా ఆమె జుట్టు దువ్వించుకునే దుకాణంలో అడుగు పెడితే చాలు, అందరి మాటలూ ఒక్కసారిగా వాతావరణం మీదికి మళ్లేవి.

ఆమె తలుపు తోసిన తీరుకు దుకాణం గంట మోగడం మాని కింద పడింది.

"మెల్లిగా సిస్టర్, తలుపు ఊడొస్తుంది!" అన్నాడు బోయ్‌కిన్, నోట్లోని మేకులు తీసి.

"ఊడితే కొట్టుకో. మేకులు నీ దగ్గరే ఉన్నాయిగా."

"ఎనిమిదేళ్లకి గుమ్మం తొక్కి ఇదా పలకరింపు? కూర్చో. కాఫీ పెడతా."

"నీ కాఫీ నాకెందుకు? ఇది చదువు. పైకి చదువు."

కాగితాలు చూసి ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. గొంతు సవరించి, రాజపత్రం చదివినట్లు మొదలుపెట్టాడు.

"‘ద్వారమునొద్ద నిలుచు స్త్రీ సైనిక శిక్షణ పొందినట్లు కానవచ్చుచున్నది. ఎడమచేయి సదా వీపు వెనుక దాచియుంచును. అందు ఆయుధము కలదని అనుమానము. ఆమె రెండు వేళ్లెత్తినంతనే ఇద్దరు పురుషులు మారుమాటాడక మూడవ వరుసకు చేరిరి. ఇది గురికాండ్రను మోహరించు ఆజ్ఞ.’" ఆయన ఆగి తలెత్తాడు. "ఇదేంటి సిస్టర్? రెండు వేళ్లంటే రెండు ఖాళీలున్నాయనేగా!"

"చదువు, చదువు."

"‘పిమ్మట అంత్యక్రియల సంస్థ పేరు ముద్రించిన అట్టలను సభికులకు పంచిరి. ఇది ప్రభుత్వాధికారులకు మరణ హెచ్చరిక.’ ఓరి నీ దుంపతెగ, అవి ఆ సంస్థ ప్రకటన కోసం ఊరికే ఇచ్చే విసనకర్రలురా! ఆగస్టు నెలరా!" బోయ్‌కిన్ బల్ల మీద చరుస్తూ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. "చర్చి మర్యాదకి చెయ్యి వెనక్కి మడిస్తే, నీ వీపు వెనక ఆయుధమా! నా పెళ్లాం నిన్ను చూసి హడలిపోయేది, అది వేరే సంగతి."

"నవ్వింది చాలు. ఇప్పుడు బుర్ర పెట్టు, లియాండర్. ఇది నేనే రాసిచ్చుంటే, నా చేతి సైగకి అర్థం నాకు తెలీదా?"

ఆయన నవ్వు ఆగిపోయింది.

ఆమె బల్లకూ తలుపుకూ మధ్య అటూ ఇటూ తిరగసాగింది. "మనోళ్లందరూ తల్లి ఒళ్లో ఉన్నప్పట్నించీ ఈ వేళ్ల కింద పెరిగినోళ్లే. చిన్నప్పుడు చర్చిలో అల్లరి చేస్తే ఈ వేలు చూసేగా నువ్వు కూడా నోరు మూసుకుంది! ఇవి తెలీని మనిషి మన సభలో ఎవడు? అందరూ బాప్టిస్టులే, ఒక్కడు తప్ప."

"క్లోవిస్," అన్నాడు బోయ్‌కిన్ నెమ్మదిగా. క్లోవిస్ దుప్రే న్యూ ఆర్లీన్స్ కాథలిక్కు, మహాసభకు రక్షణ మంత్రి. "వాళ్ల చర్చిలో ఎవరికి తోచిన చోట వాళ్లు కూలబడతారట. నాతోనే చెప్పాడు."

"నన్ను వెలెయ్యాలని ముందు చెయ్యెత్తిందెవరు?"

"క్లోవిసే." ఆయన మేకుల డబ్బా కేసి చూశాడు. "కాలిఫోర్నియా నుంచి ఇప్పటికీ క్రిస్మస్‌కి కార్డు పంపిస్తాడు, సిస్టర్. బొమ్మలు బాగుంటాయి."

ఆఖరి పేజీ 1971 నాటిది. దానిని ఆయన రెండుసార్లు చదివాడు. "‘సభ్యుల సంఖ్య నాలుగు వందలు దాటినది. దినదినము వృద్ధి చెందుచున్నది.’ నాలుగు వందలు! చూశావా, ప్రభుత్వమే రాసుకుంది!" ఆయన ముఖం ఒక్క క్షణం తపాలా బిళ్ల మీది ముఖంలా వెలిగింది.

"నాకు కావాల్సింది ఒక్కటే," అంది ఒడెస్సా. "ఏ సభలో నన్ను ద్రోహి అన్నారో, ఆ సభలోనే, అందరి ముందూ కాదని చెప్పాలి."

"ఉత్తరం రాసిస్తాను. ముద్ర కూడా గుద్దిస్తాను."

"కాగితాలు ప్రభుత్వం బోలెడిచ్చింది. నాకు మనుషుల ముందు కావాలి. సభ ఎప్పుడు?"

"సభంటే... ఎప్పుడైనా పెట్టొచ్చు."

"అయితే ఇవాళే పెట్టు. ఇంక నా వల్ల కాదు."

ఆయన కాగితాలు పక్కన పెట్టాడు. తర్వాత తోలు ఏప్రన్ విప్పాడు. మేకుకు వేలాడుతున్న కోటు తొడిగి, బంగారు రంగు తాడు భుజానికి తగిలించుకున్నాడు. తలుపుకు ‘మూసి ఉంది’ అన్న అట్ట తిప్పి, అడుగు అరలోంచి తీర్మానాల పుస్తకం తీశాడు. మడమలు బిగించే సుత్తితో బల్ల మీద మూడుసార్లు కొట్టాడు. స్వతంత్ర నల్లజాతి మహాసభ కొలువుదీరింది.

ద్వారరక్షణ మంత్రి ఒడెస్సా ప్రూయిట్ ఏ ద్రోహమూ ఎరుగదనీ, ఎనిమిదేళ్ల అవమానానికి జాతి ఆమెకు తల వంచి క్షమాపణ చెప్పుకుంటోందనీ, ఆమె గౌరవ మర్యాదలన్నీ ఈ క్షణం నుంచి పునరుద్ధరిస్తున్నామనీ ఆయన తీర్మానం వినిపించాడు. గిరాకీలు చెప్పులు విప్పుకునే కుర్చీలో ఒడెస్సా మెల్లగా కూర్చుంది. మూడు రోజులలో కూర్చోవడం అదే మొదలు.

"అనుకూలురు చేతులెత్తాలి." ఆయన చెయ్యి లేచింది. "వ్యతిరేకులు?" బాగు కోసం వచ్చిన జోళ్ల వరుసల కేసి ఆయన మర్యాదగా చూసి, తగినంత సమయం ఇచ్చాడు. "ఏకగ్రీవం."

పుస్తకంలో ఆ మాట రాసి, తేదీ వేసి, సంతకం కోసం ఆమె వైపు తిప్పాడు. వెలిలో ఉన్నవారిని లెక్కలోకి తీసుకోరాదన్న నిబంధనను ఆయన తు.చ. తప్పక పాటించాడు. హాజరైన సభ్యులు అన్న గడిలో ‘ఒకరు’ అని ఉంది.