కిమ్చి వద్దన్న కొడుకు

ఇల్లు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టింది మా ఆయనే. ఎందుకు మొదలుపెట్టాడో మాత్రం నన్నడక్కండి. కోతల పండక్కి అత్తగారి ఊరు వెళ్ళొచ్చిన వారమే కిహున్ తన గోల్ఫ్ కర్రలు అమ్మేశాడు. తర్వాత పుస్తకాల బీరువా, ఆ తర్వాత టీవీ, సోఫా. "తక్కువ సామానుతో బతుకుదాం మిరన్, హాయిగా ఉంటుంది" అన్నాడు. అంటున్నవాడి మొహంలో హాయి మచ్చుకైనా లేదు.

నేను అడ్డు చెప్పలేదు సరికదా, పోటీకి దిగాను. ఆయన చొక్కాలు ఇచ్చేస్తే నేను కోట్లు ఇచ్చేశాను. మొగుడు తన వస్తువులు ఒక్కొక్కటే వదిలించుకుంటుంటే ఏ పెళ్ళానికైనా ఒకటే అనుమానం వస్తుంది, నన్నొదిలి పోవడానికి సిద్ధమవుతున్నాడా అని. వద్దంటే ఇంకా తొందరపడతాడేమోనని భయం. నేనూ సరేనంటే ఉండిపోతాడేమోనని ఆశ. అడుగుదామంటే నోరు పెగలదు. ఎటూ తేలక పిచ్చెక్కినట్టుండేది నాకు.

చివరికి, కారం పెట్టి ఊరేసిన క్యాబేజీ దాచుకునే కిమ్చి ఫ్రిజ్ కూడా పోయింది. చలి మొదలై, ఊరూవాడా క్యాబేజీలు ఉప్పులో నానేసుకునే రోజులు వస్తున్నాయనగా కిమ్చి ఫ్రిజ్ అమ్ముకున్న తెలివైనవాళ్ళు మా దేజొన్ నగరం మొత్తం మీద మేమే అయ్యుంటాం. పెట్టుకోడానికి చోటు లేదు కాబట్టి కిహున్ వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. "అమ్మా, ఈసారి మాకు కిమ్చి వద్దు. నీతో కలిసి పెట్టడానికి కూడా మేం ఊరికి రాలేం" అన్నాడు. మా అత్తగారు ఫోనులో మాట్లాడకుండా ఉండటం నా పెళ్ళయ్యాక అదే మొదలు.

ఆ శనివారం ఆయన క్షవరానికి వెళ్ళాడు. నేను నేల తుడుస్తున్నాను. బయట ఎవరో తలుపు తాళం మీద నంబరు నొక్కుతున్న చప్పుడైంది. మా తలుపు నంబరు తెలిసిన మూడో మనిషి ఒక్కరే.

అత్తగారు లోపలికొచ్చింది. వెనక గడప బయట కిమ్చి పెట్టెలు వరసగా ఉన్నాయి. వాళ్ళ ఊరి వ్యాను దింపేసి వెళ్ళిందట. హాలు చూసి అక్కడే నిలబడిపోయింది.

"దొంగలు పడ్డారా?"

"లేదత్తయ్యా."

"జప్తు చేశారా? వాడు షేర్లలో గానీ ముంచాడా?"

"అయ్యో, అదేం లేదు. మేమే తగ్గించుకున్నాం. ఇప్పుడు చాలామంది ఇలాగే ఉంటున్నారు."

"చాలామంది ఎవరు? నా కొడుకు పుట్టి బుద్ధెరిగి చాలామంది చేసింది ఎప్పుడు చేశాడు?"

అంటూనే పడగ్గది తలుపు తీసింది. మంచం లేదు. ఆ గోడకొక పరుపు, ఈ గోడకొక పరుపు మడతపెట్టి ఉన్నాయి. బీరువా కూడా ఇచ్చేశాం కనుక ఆయన బట్టలు ఒక సూట్‌కేసులో, నావి ఒక సూట్‌కేసులో. అత్తగారు అలాగే నేల మీద చతికిలబడింది.

"అమ్మాయీ, ఎప్పుడు పంచుకున్నారు?"

నేనూ ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"వాడు కిమ్చి వద్దన్నప్పుడే అనుకున్నా. మొగుడూ పెళ్ళాం కలిసున్న కొంపలో కిమ్చి వద్దంటారటే ఎవరైనా?"

అలాంటిదేం లేదని చెప్పాలి. చెప్పడానికి నాకే నమ్మకం లేదు. "మీ అబ్బాయినే అడగండి" అన్నాను. అనేసరికి ఏడుపొచ్చేసింది.

సరిగ్గా అప్పుడే దిగాడు మహానుభావుడు. "అమ్మా, వద్దన్నాను కదే..." అంటూ వచ్చి మా వాలకం చూసి ఆగిపోయాడు.

"నోర్ముయ్. దీన్ని ఎందుకు వదిలేస్తున్నావురా?"

"నేనా?" అన్నాడు కిహున్. "వెళ్ళేది తను కదా!"

"నేనెక్కడికి వెళ్తున్నాను?" అని అరిచాను.

"పండగ నుంచి తిరిగొస్తూ కారులో అన్నావుగా. ఇంక నావల్ల కాదు, ఊపిరాడటం లేదు అని. నా సామానే ఇల్లంతా. కాస్త చోటు చేస్తే ఉంటావేమోనని..."

"నీ సామాను గురించి ఎవరన్నారు! మీ అమ్మ ఇచ్చిన మూటలన్నీ ఒళ్ళో పెట్టుకుని ఆ ట్రాఫిక్‌లో పొద్దంతా కూర్చుంటే ఎవరికి ఊపిరాడుతుంది?"

అత్తగారు నావైపు ఒక చూపు చూసింది. అయితే ఒక్క మాట. ఆ రోజు మూటల గురించే అన్నానా, కడుపులో ఉన్నదే బయటపడిందా అంటే ఇప్పటికీ నాకు తెలియదు.

"అంటే ఇద్దరిలో ఎవరూ పోవటం లేదు" అంది అత్తగారు. "మరి ఈ కొంప ఎవరి కోసం ఊడ్చిపెట్టార్రా?"



"పోనీలే, అన్నీ మళ్ళీ కొనుక్కుందాం" అన్నాడు కిహున్. "సోఫా కావాలంటే సోఫా. నీ ఇష్టం మిరన్."

ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. "నా ఇష్టమేమిటి నా ఇష్టం! ఇన్నాళ్ళూ నా ఇష్టం అనుకునేగా ఇల్లు ఇలా చేశావు! నాకేం కావాలో నాకే తెలిసి చావడం లేదు. నీకేం కావాలో నువ్వు చెప్పు. ఒక్కసారి చెప్పు."

కిహున్ చుట్టూ చూశాడు. చూడటానికి ఆ ఇంట్లో ఏముంది గనక.

"సోఫా వద్దు" అన్నాడు ఆఖరికి. "టీవీ కూడా అక్కర్లేదు. మంచం కావాలి. నేల మీద నడుం పోతోంది."

"ఒకటా, రెండా?" అని అడిగింది అత్తగారు.

జవాబు నా నాలిక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

"ఒకటే" అన్నాడు, నావైపు చూడకుండానే.