బొందలగడ్డ బాట

ఎండాకాలంలో పల్లె జీవితాన్ని దగ్గరగా చూడ్డానికి పోలండ్ నుంచి వచ్చిన మానవశాస్త్ర విద్యార్థులకు, కొడకండ్ల దగ్గరి ఆ ఊళ్లో తన పెద్దిల్లు ఇచ్చాడు వెంకట్రాం పటేలు. ఆయన తమ్ముడి కూతురు అక్షయ హైదరాబాద్‌లో అదే చదువు చదువుతోంది. అందుకే హన్నా అనే అమ్మాయికి మాటలు తర్జుమా చేసే పని ఆమెకు పడింది.

ఆ రోజు వాళ్లిద్దరూ భద్రమ్మ ఇంటికి బయల్దేరితే, "నేనూ వస్త. ఏమడుగుతరో సూస్త," అంటూ వెంకట్రాం కూడా వచ్చాడు. భద్రమ్మ ఆయన చేన్లకే కూలికి పోతుంది. ఆయన్ను చూడగానే లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసి, తాను గడప మీద కూర్చుంది.

హన్నా రికార్డర్ పెట్టి, "మీ వాళ్లెవరైనా పోతే ఎట్లా సాగనంపుతారు?" అని అడిగింది.

భద్రమ్మ వెంకట్రాం వైపు చూడలేదు.

"మొన్న వానకాలం నా కొడుకు రాములు సచ్చిపోయిండు బిడ్డా. బొందలగడ్డకు బాట లేదు, పటేలు కంచె ఏసిండు. మోకాలు దాక దిగవడే బురదలకెల్లి మోసుకపోయినం. నడుమల పాడె జారి మనిషి బురదల పడ్డడు. గట్లనే బొంద వెట్టినం."

అక్షయ పెదనాన్న వైపు చూసింది. వెంకట్రాంకు ఇంగ్లిషు బాగానే వచ్చు.

"పాడె మీద శ్మశానానికి మోసుకెళ్లి పూడ్చిపెడతారట," అంది హన్నాతో.

హన్నా నొసలు చిట్లించింది. "అంతసేపు మాట్లాడింది కదా?"

ఆ మాట అర్థం కాకపోయినా, సంగతి భద్రమ్మకు తెలిసిపోయింది.

"గంత జెప్తె గింతేనా బిడ్డా? జర మొత్తం జెప్పు."

"అవ్వా, మళ్ల నీకే..."

"నాకేమైతదో నాకెర్కనే. జెప్పు."

అక్షయ చెప్పింది. కంచె ఎవరిదో కూడా దాచలేదు.

వెంకట్రాం లేచాడు. "ఇంటి పరువు తీస్తానికేనా నీ సదువు? వీళ్లను సామాన్లు సర్దుకొమ్మను. నువ్వు గూడ వాళ్లెంబడే పో."

ఆయన వెళ్లాక హన్నా, "ఇది చెరిపేయమంటే చెరిపేస్తాను, అడుగు," అంది.

"ఉండనియ్యి," అంది భద్రమ్మ. "మావోని పేరు గూడ ఉండనియ్యి."

సాయంత్రానికి విద్యార్థులంతా, వాళ్లతో అక్షయ కూడా, జనగామ లాడ్జికి మారారు. మర్నాడే, పత్తికట్టె పీకే పనికి రావద్దని భద్రమ్మకు కబురొచ్చింది. సోమవారం ఆమె వాడోళ్లను వెంటబెట్టుకొని కలెక్టరాఫీసు ప్రజావాణిలో ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చింది. అక్షయ పక్కన నిలబడి, తాను విన్నదంతా అధికారులకు చెప్పింది. సర్వేయరొచ్చి కొలిస్తే పాత బాట బయటపడింది. అంతమేర కంచె కడీలు పీకించారు.

అక్షయతో ఆమె తండ్రి ఇప్పటికీ మాట్లాడడు. తల్లి మాత్రం ఆయన ఇంట్లో లేనప్పుడు ఫోన్ చేస్తుంది. భద్రమ్మ పొద్దున్నే ఆటో ఎక్కి, పక్క ఊరికి కూలికి పోతోంది.