ఎస్కెర్: మా ఇంటి మాట

ఒండారోవా రేవులో చేత్తో బంతి కొట్టి ఆడే గోడ ముందు వేసిన కుర్చీలన్నీ నిండిపోయాయి. ఆశుపాటల పోటీ సెమీఫైనలు ఆఖరి ఘట్టానికి వచ్చింది. అందరికీ ఒకటే అంశం ఇస్తారు కాబట్టి ఒకరి పాట ఒకరి చెవిన పడకుండా పాటగాళ్లని ఒక గదిలో పెట్టి తలుపు మూస్తారు. మావాళ్లు దాన్ని జైలంటారు. ఆ జైల్లో చివరిదాకా మిగిలింది మా రేవు పిల్ల ఎనెరిట్స్. ఈ ఒక్క అంశం నెగ్గితే ఫైనలుకి వెళుతుంది. మా రేవు నుంచి ఇంతవరకూ ఒక్కరూ అంతదూరం పోలేదు. చేపలు పట్టేవాళ్లకి పాటలెందుకని కొండ ఊళ్లవాళ్లు వెక్కిరిస్తుంటే విని విని మాకు ఒళ్లు మండిపోయి ఉంది.

మైకు ముందుకు రాగానే నిర్వాహకుడు ఒకే మాట ఇచ్చాడు, దాని మీద రెండు పాటలు కట్టాలి. ఎస్కెర్. మా భాషలో ఎడమ అని.

ఆశుపాట కట్టేవాళ్లెవరైనా ముందు చివరి పాదం చూసుకుంటారు, ఆ తర్వాతే మొదటి పాదం ఎత్తుకుంటారు. ఎనెరిట్స్‌కి వామపక్ష రాజకీయాల మీద చివరి పాదం ఒకటి చప్పున దొరికింది కూడా. అంతలో ముందు వరసలో తన అమ్మమ్మ బిషెంటా కనిపించింది. పుర్రచేతి వాటం మనిషి, నలుగురిలో ఉంటే ఇప్పటికీ ఆ చేయి శాలువా కిందే దాచుకుంటుంది. అది చూసేసరికి ఎనెరిట్స్ దొరికిన పాదాన్ని వదిలేసి, చివర ఏముందో తెలియకుండానే నోరు తెరిచింది. మాలో పసిపిల్లలు కూడా చేయని తప్పు అది.

మొదటి పాట హాయిగా సాగింది. రోమనుల మాటలో ఎడమంటే అపశకునమట. అది పలకడానికి ఇరుగుపొరుగుకి నోరు రాక మా గుమ్మంలోకొచ్చి మా మాట పట్టుకుపోయారని పాడింది. కాస్తిల్‌లో ఇస్కియెర్దా, పోర్చుగల్‌లో ఇష్కెర్దా, కాటలన్ల దగ్గర అస్కెర్రా, పుట్టిల్లు మాత్రం మాదేనంది. జనం ఈలలు వేశారు.

రెండో పాటలో ఒక చిన్నపిల్ల బడికి వెళ్లింది. కాస్తిల్ నుంచి వచ్చిన టీచరమ్మ ఆ పిల్ల ఎడమచేతిని బల్లకి కట్టేసింది. ఇంటి భాష మాట్లాడితే బెత్తంతో కొట్టింది. పిల్ల పేరు చెప్పలేదు గానీ బిషెంటా తల దించుకుంది.

అక్కడ ఎనెరిట్స్ ఆగిపోయింది. ఇంకొక్క పాదం కావాలి, అదే లేదు. న్యాయనిర్ణేతలు కలాలు పట్టుకుని చూస్తున్నారు. ఫైనలు చేజారిపోతోందని అందరికీ అర్థమైంది.

టీచరమ్మ ఏమని అరిచేదో అమ్మమ్మ ఎప్పుడో ఒకసారి, ఒకే ఒక్కసారి, చేపలు శుభ్రం చేస్తూ అనుకరించి చూపించింది. "ఇస్కియెర్దా వద్దు! ఇస్కియెర్దా వద్దు!" అది గుర్తొచ్చి ఎనెరిట్స్‌కి వెలిగింది. మన వేలితో మన కన్నే పొడిచారు కదా వీళ్లు! తలెత్తి గొంతు విప్పింది.

"నా మాట మాట్లాడితే కొట్టావు టీచరమ్మా, కొడుతూ నువ్వు అరిచిందీ నా మాటే!"

చివరి పాదాన్ని పాటగాడు రెండోసారి అందుకున్నప్పుడు జనమూ గొంతు కలపడం మాకు రివాజు. ఆ రోజు కలపలేదు, గోడ అదిరేట్టు గర్జించారు. అందరికంటే ఒక క్షణం ముందే అందుకుంది బిషెంటా, లేచి నిలబడి మరీ.

ఫైనలుకి ఎనెరిట్స్ పేరు చదవగానే రేవంతా మీద పడి ముద్దులు పెట్టింది. మా ఛాతీలు ఇంతింత అయ్యాయి, దాచుకోవడమెందుకు! అమ్మమ్మ మాత్రం నిదానంగా నడిచొచ్చి మనవరాలి చెవి మెలిపెట్టింది.

"నా సంగతి ఊరందరి ముందూ పాడమని నీకెవరు చెప్పారే?"

"కోపమొచ్చిందా అమ్మమ్మా?"

"వచ్చింది. ఆ టీచరమ్మ ఎప్పుడో పోయిందని వచ్చింది. బతికుంటే ఇక్కడికి లాక్కొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టేదాన్ని."

"ఏ చేత్తో?"

చెవిని పట్టుకున్న తన ఎడమచేతిని బిషెంటా అప్పుడే చూసుకుంది. తీయలేదు.