గడప మీద కౌసల్యమ్మ

సులోచన బస్సు దిగి ఇంటికొచ్చేసరికి కౌసల్యమ్మ వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. హైదరాబాదులో డాక్టరీ నాలుగో ఏడు చదువుతున్న కూతురు చెప్పాపెట్టకుండా వస్తే ఏ తల్లికైనా ముందు భయమే వెయ్యాలి. కౌసల్యమ్మకు మాత్రం సంతోషమే కలిగింది.

"సెలవులిచ్చిన్రా బిడ్డా?"

"ఇచ్చిన్రు."

"గింత సన్నగైనవేందే?"

"నిద్రొస్తుందమ్మా," అని సులోచన లోపలి అర్రలోకి పోయి, చెప్పులు కూడా విప్పకుండా పడుకుంది.

అది రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియని ఎండాకాలం. సిద్దిపేటలో ఆడవాళ్లను చూసే ఆడ డాక్టరు లేదు. కౌసల్యమ్మ చెల్లెలు ఏళ్ల కిందట కాన్పు కష్టమై చనిపోయింది. మగ డాక్టరును లోపలికి రానిచ్చేది లేదని అత్తింటివాళ్లు తలుపుకు అడ్డం నిలబడ్డారు. ఆ రోజే కౌసల్యమ్మ తన కడుపున పుట్టిన పిల్లను డాక్టరు చెయ్యాలనుకుంది. గంజు బజారులో పప్పుల, ఆముదాల దుకాణం నడిపే భర్త నాగేశం వద్దన్నాడు, కులపోళ్లు నవ్వారు. ఆమె వినలేదు. డాక్టరీ ఉర్దూలోనే చదవాలంటే పిల్లకు ఉర్దూ నేర్పించింది. పిల్లను హాస్టల్లో దిగబెట్టి వచ్చిన నాడు ఊరంతా తన వైపే చూస్తున్నట్టు నడిచింది.

అందుకే సులోచన వచ్చిందన్న మాట ఆ సాయంత్రానికే వాడ దాటింది. మర్నాడు అరుగు మీద ఆడవాళ్లు కూర్చున్నారు. కౌసల్యమ్మే చాప పరిచింది, మంచినీళ్ల కుండ పెట్టింది.

సులోచన అందరినీ చూసింది. నాడి పట్టింది, కళ్ల రెప్పలు ఎత్తింది, మందు చెప్పింది. తప్పేమీ చెయ్యలేదు. కానీ ఎవరి మొహంలోకీ చూడలేదు. ఒక్కొక్కరు వెళ్లగానే పెరట్లోకి పోయి చేతులు కడుక్కుంది. చర్మం ఎర్రబడేదాకా రుద్దింది. అన్నం పెడితే రెండు ముద్దలు తిని, కంచం ముందు అట్లాగే కూర్చుంది.

వారం తిరగకముందే పక్కింటి ఎల్లవ్వ మనవణ్ని భుజాన వేసుకుని వచ్చింది. పిల్లవాడు వాంతులతో, విరేచనాలతో వడలిపోయి ఉన్నాడు. సులోచన వాడి కడుపు మీద చర్మం పట్టి లాగి వదిలింది. అది ముడత పడి అట్లాగే నిలిచింది.

"వీడు దక్కడు. ఇంటికి తీస్కపో," అంది, కొలత చెప్పినంత మామూలుగా. చెంబు అందుకుని చేతులు కడుక్కోవడానికి పోయింది.

ఎల్లవ్వ మనవణ్ని మళ్లీ భుజాన వేసుకుని ఇంటికి పోయింది. పిల్లవాడు సాయంత్రం పోయాడు.

కౌసల్యమ్మ కూతురిని బావి దగ్గర నిలదీసింది. "చెప్పేది గట్లనా? నీకు మనసు లేదా?"

"లేదమ్మా," అంది సులోచన. "నేను గూడ దేవులాడుతున్న. ఎటు పోయిందో తెల్వది."

ఆమె బావి గట్టు మీద కూర్చుంది.

"మొదట్ల దవాఖానల ఎవరు సచ్చినా ఏడ్చేదాన్ని. తర్వాత ఏడుపు బందైంది. మంచిదే, గట్టిపడ్డ అనుకున్న. తర్వాత అన్నం ఉప్పో చప్పనో తెల్వకపోయింది. కలరా దినాలల్ల వార్డుల జాగ లేక కింద పండవెట్టేటోళ్లు. ఒకామె నా కొంగు వట్టుకుంది. విడిపించుకొని పోయిన. వాపసు వచ్చేసరికి పాణం లేదు. నాకేం అనిపించలే. పోయి చాయ తాగిన."

"మరి సెలవులు?"

"సెలవులు ఎవరూ ఇయ్యలే. పరీక్షల కాయితం ముందర వెట్టిన్రు. చదివితే ఒక్క అక్షరం లోపలికి పోతలేదు. లేచి వచ్చేసిన. సావాలని లేదమ్మా. పండుకున్నంక మల్ల లేవొద్దనిపిస్తది, గంతే."

కౌసల్యమ్మకు ఆ జబ్బు పేరు తెలియదు. జ్వరం కాదు, దయ్యం కాదు. తాను పట్టుబట్టి పంపిన చోటే పిల్ల అడుగంటి వచ్చిందన్నది మాత్రం అర్థమైంది. చాప చుట్టేసింది. నీళ్ల కుండ లోపల పెట్టింది.

నాగేశం తల పట్టుకున్నాడు. "ఊరికేం చెప్పాలె? పరీక్ష ఇడిచిపెట్టి వచ్చిందని చెప్పాల్నా?"

"పాణం బాగలేదని చెప్పుండ్రి. అబద్ధమేం గాదు."

మర్నాటి నుంచి ఆమె గడప మీద కూర్చుంది. వచ్చినవాళ్లను వచ్చినట్టే తిప్పి పంపింది. గర్వమని కొందరన్నారు. పిల్లకు పిచ్చి పట్టిందని ఇంకొందరన్నారు. కౌసల్యమ్మ చింతపండు పిక్కలు తీస్తూ అన్నీ వింది. లోపల సులోచన పొద్దూమాపూ నిద్రపోయింది. కొన్నాళ్లకు లేచి తలకు నూనె పెట్టించుకుంది. బియ్యంలో రాళ్లు ఏరింది. ఒకరోజు పచ్చిపులుసులో ఉల్లిగడ్డ తక్కువైందని గొణిగింది. ఆ మాటకు కౌసల్యమ్మ పొయ్యి దగ్గర మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం ఎడ్లబండి వచ్చి ఇంటి ముందు ఆగింది. నాగేశం దుకాణానికి ఆముదాలు తెచ్చే రాయపోల్ ఊరి కొమురవ్వ దిగింది. బండిలో గడ్డి మీద ఆమె కూతురు బాలవ్వ ఉంది. నిండు నెలలు. మూలుగు కూడా సన్నబడిపోయింది.

"రెండు దినాల సంది నొప్పులమ్మా. కడుపుల పిల్ల చెయ్యి బయటికొచ్చింది. మంత్రసాని నాతోని గాదన్నది. మీ బిడ్డను ఒక్కసారి చూడుమను."

కౌసల్యమ్మ లోపలికి తొంగి చూసింది. సులోచన చెయ్యి చెంప కింద పెట్టుకుని నిద్రపోతోంది. ఇన్నాళ్లకు ఆ మొహం చిన్నప్పటి మొహంలాగా మెత్తబడింది.

కౌసల్యమ్మ తలుపు దగ్గరికి వేసింది.

"ఊళ్లె లేదు కొమురవ్వా. సర్కారు దవాఖానకు తీస్కపో."

కొమురవ్వ ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. కౌసల్యమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది. బండి కదిలి, మలుపు తిరిగి పోయింది.

పొద్దు గూకే వేళకు ఎల్లవ్వ వచ్చి చెప్పింది. దవాఖాన డాక్టరు హుస్నాబాద్ దిక్కు పోయి ఉన్నాడట. ఆయన కోసం చూస్తుండగానే బండిలో బాలవ్వ పోయిందట, కడుపులో బిడ్డతో సహా. మనవడి దుఃఖం ఇంకా ఆరని ఎల్లవ్వ కౌసల్యమ్మ మొహంలోకి ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ఆ పూట నుంచి కౌసల్యమ్మకు ముద్ద దిగలేదు. ఎవరితోనూ చెప్పలేదు. తన చెల్లెలి అత్తింటివాళ్లు నిలబడ్డట్టే తానూ తలుపుకు అడ్డం నిలబడిందన్న తలపు ఆమెను కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు. సులోచనే కనిపెట్టింది. తల్లి మణికట్టు పట్టుకుని నాడి చూసి, "ఏమైందమ్మా?" అని మొహంలోకి చూసి అడిగింది. కౌసల్యమ్మ ఏదీ దాచకుండా చెప్పేసింది.

సులోచన తల్లి మణికట్టు వదిలేసింది.

"చెయ్యి బయటికొచ్చిందన్నదా?"

"అన్నది."

"నేను చూసినా బతకకపోతుండెనేమో. బతుకుతుండెనేమో. తెల్వది." తల్లి వైపు తిరిగింది. "నన్నెందుకు లేపలే?"

"లేపితే పోయేదానివా బిడ్డా?"

సులోచనకు అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఏమో. అటు దిక్కు తిరిగి పండుకునేదాన్నేమో."

ఇద్దరూ రాయపోల్ పోయారు. నాగేశం వద్దన్నా పోయారు. కొమురవ్వ గుడిసె ముందు ఆముదపు కాయలు కొడుతోంది. కూర్చోమని అనలేదు. కౌసల్యమ్మ నోరు తెరిచేలోపే సులోచన ముందుకొచ్చింది.

"నేను ఊళ్లెనే ఉన్న అవ్వా. ఇంట్లనే ఉన్న. పండుకున్న."

కొమురవ్వ చేతిలో కట్టె ఆగింది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "పండుకున్నవా?" అని మాత్రం అడిగింది, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. తర్వాత లేచి లోపలికి పోయి తడిక వేసుకుంది. వాళ్లు ఎండలో నిలబడ్డారు. తడిక మళ్లీ తెరుచుకోలేదు.

తిరుగుబండిలో సులోచన ఏడ్చింది. పోయిన బాలవ్వ కోసమో, కొంగు పట్టుకున్న ఆమె కోసమో, ఎల్లవ్వ మనవడి కోసమో కౌసల్యమ్మ అడగలేదు. ఊరుకోబెట్టనూ లేదు.

వానలు పడ్డాక సులోచన మళ్లీ కాలేజీకి పోతానంది. కౌసల్యమ్మ వద్దనలేదు, పొమ్మని కూడా అనలేదు. ఒక ఏడు ఎక్కువ చదివి పరీక్షలు గట్టెక్కింది. అంతా బాగైపోలేదు. మధ్యలో రెండుసార్లు అట్లాగే నిద్ర ముంచుకొచ్చి ఇంటికొచ్చింది. వచ్చినప్పుడల్లా పడుకునే ముందు తల్లికి ఒకటే చెప్పేది.

"మామూలు జ్వరాలు, దగ్గులు రేపు రమ్మను. కాన్పంటే మాత్రం లేపు. నేను తిట్టినా, కొట్టినా లేపు."

కౌసల్యమ్మ లేపేది. లేపిన ప్రతిసారీ కూతురు కళ్లు తెరిచి లేచి నిలబడేదాకా ఆమె ఊపిరి బిగబట్టేది. రాయపోల్ నుంచి ఆ తర్వాత ఎవరూ రాలేదు. కొమురవ్వ ఆముదాలు వేరే దుకాణానికి వెయ్యడం మొదలుపెట్టింది.