వామన్‌రావు తెలుగు పరీక్ష

వామన్‌రావు ఉర్దూలో అర్జీ రాస్తే అఫ్జల్‌గంజ్ పావురాలు కూడా గింజలిడిచి చదివేవట. అంతటి గుమాస్తాకు పంతొమ్మిది వందల యాభై ఏడులో, కొత్త రాష్ట్రం ఏర్పడ్డ మరుసటేడు, ఆపదొచ్చింది. దఫ్తర్‌లో తెలుగు పరీక్ష పెడతరట, తప్పితే నౌకరి పోతదట. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, ఆయన బడిలో చదివిందంతా ఉర్దూనాయె.

ఎవరినన్నా అడిగితే పరువేం కాను? మిద్దెమీద దాక్కొని, వాచకం చూసి నెలరోజులు ఒక్కడే పలకమీద అక్షరాలు దిద్దిండు. పరీక్షకు వారముందనంగ భార్య సూర్యప్రభ బట్టలారెయ్యడానికి పైకొచ్చి, పలక చూసింది. ఆమె రోజూ పురాణం చదివే మనిషి.

"ఏందండీ! తెలుగును గూడా ఉర్దూ లెక్క కుడి నుంచి ఎడమకు రాసిన్రు?"

వామన్‌రావు చెవులు ఎర్రబడ్డయి. ఇరవై ఏండ్ల కాపురంలో మంచినీళ్లు తప్ప ఆమెను ఏదీ అడగలేదాయన.

"ఏమే... జర నేర్పుతవా?"

"బెత్తం తెచ్చుకోనా మరి?" అని నవ్వి, తడి చేత్తోనే ఆయన చెయ్యి పట్టి పలకకు ఎడమ కొసన పెట్టింది.

నౌకరి నిలిచింది. ముసలితనంలో ఆ మిద్దె ముచ్చట వందసార్లు చెప్పేటోడు. మార్కులెన్నని అడిగితే మాత్రం, "మా పంతులమ్మనే అడుగుండ్రి" అనేటోడు.